ముందుకి జారడం ఆపారు సరే, తిరగడం సంగతేంటి? మోకాలి లిగమెంట్ ఆపరేషన్లు చేసే డాక్టర్లకి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన డాక్టర్ గార్లందరికీ నమస్కారం.

నేను ఫిజియోథెరపిస్ట్‌ని. మీరు ఆపరేషన్ చేసి పంపించిన మోకాళ్ళు కుట్లు ఇంకా ఆరకముందే మా టేబుల్ మీదకి వస్తాయి, అక్కణ్ణుంచి తొమ్మిది నెలలో ఏడాదో మాతోనే ఉంటాయి. మొదటిసారి మోకాలు పూర్తిగా చాపిన రోజు, చంకకర్రలు పక్కన పెట్టిన రోజు, భయపడుతూ భయపడుతూ ఒంటికాలి మీద గెంతిన రోజు, ఇవన్నీ దగ్గరుండి చూసేది మేమే. కాబట్టి మీ చేతిపని విలువ మాకు తెలీదని దయచేసి అనుకోకండి. ఎవరి తప్పులూ ఎత్తిచూపడానికి రాయట్లేదు ఇది. ఏసీఎల్ (మోకాలి మధ్యలో రెండు ఎముకల్నీ పట్టి ఉంచే లిగమెంట్, అంటే గట్టి నారపట్టీ) తెగి వచ్చిన ప్రతి మోకాలికీ తిరుగుడు, అంటే కింది ఎముక పట్టు తప్పి మెలితిరగడం, ఎంత ఉందో కూడా చూడండి, దానికి ఏం చేశారో ఏం చెయ్యలేదో పేషెంట్‌కి చెప్పండి, కాగితం మీద రాయండి. నేను అడిగేది ఈ ఒక్కటే, మిగతాదంతా ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికి.

ఒక అమ్మాయి గురించి చెప్తాను, పేరు వద్దు. 19 ఏళ్ళు, బాస్కెట్‌బాల్ ఆడుతుంది. ఏసీఎల్ తెగింది, దాని బదులు హ్యామ్‌స్ట్రింగ్ గ్రాఫ్ట్ (తొడ వెనక కండని ఎముకకి కలిపే టెండన్ నుంచి తీసిన ముక్క) వేసి ఆపరేషన్ చేశారు. పదకొండు నెలలు ఒళ్ళు దాచుకోకుండా ఎక్సర్‌సైజులు చేసింది, ఒక్క సెషన్ ఎగ్గొట్టలేదు. తొడ చుట్టుకొలత టేపుతో కొలిస్తే రెండు కాళ్ళకీ తేడా సెంటీమీటర్ లోపే, గెంతుడు టెస్టులన్నీ పాసయింది. చెకప్‌కి వెళ్తే మోకాలు పట్టుకుని ముందుకి లాగి చూసి గట్టిగా ఉందమ్మా, ఇంక ఆడుకో అన్నారు. ఆట మొదలెట్టిన మూడో వారంలో మళ్ళీ నా దగ్గరికి వచ్చి కూర్చుంది. "అక్కా, స్ట్రెయిట్‌గా పరిగెత్తితే బానే ఉంది, సడెన్‌గా ఆగినా బానే ఉంది, టర్న్ తీసుకున్నప్పుడే లోపల ఏదో పక్కకి తప్పుకుని మళ్ళీ వచ్చి కూర్చుంటోంది" అంది. అంటూనే రెండు పిడికిళ్ళూ ఒకదానికొకటి ఆనించి, వేళ్ళ కణుపులు రాసుకునేలా పెట్టి, కింది పిడికిలిని చిన్నగా మెలితిప్పి టక్కుమని వెనక్కి తెచ్చింది. ఎవరూ నేర్పలేదు ఆ సైగ. మోకాలు తిరిగిపోయే వాళ్ళు చాలామంది వాళ్ళంతట వాళ్ళే ఇలా చూపిస్తారు, నేను ఇన్నేళ్ళలో ఎంతమంది చేతుల్లో చూశానో లెక్కలేదు.

నేను టేబుల్ మీద పడుకోబెట్టి చూశాను. ముందుకి లాగితే నిజంగానే గట్టిగా ఉంది. తిప్పి చూద్దామంటే పాపం భయంతో కండలన్నీ రాయిలా బిగించేసింది, చేతికి ఏమీ అందలేదు. డిశ్చార్జ్ సమ్మరీ తీసి చూస్తే కుడి మోకాలు ఏసీఎల్ రీకన్‌స్ట్రక్షన్ (అంటే కొత్తగా కట్టడం), గ్రాఫ్ట్ ఇంత మందం, స్క్రూ ఇంత సైజు, అంతవరకే ఉంది. మత్తులో ఉన్నప్పుడు తిప్పి చూశారా, చూస్తే ఎంత ఉంది, గ్రాఫ్ట్ వేశాక పోయిందా మిగిలిందా, ఒక్క ముక్క లేదు. మళ్ళీ డాక్టర్ దగ్గరికి వెళ్ళమని పంపించాను. ఎంఆర్ఐలో గ్రాఫ్ట్ బానే ఉంది, అదంతా నీ మనసులో భయం, ఇంకాస్త బలం పెంచుకో అన్నారంట. అమ్మాయి ఆ మాట నమ్మింది, నిజం చెప్పాలంటే నేనూ సగం నమ్మాను, అది ఇప్పటికీ నన్ను బాధ పెడుతుంది. నాలుగు నెలల తర్వాత ప్రాక్టీస్‌లో అదే టర్న్ దగ్గర గ్రాఫ్ట్ తెగింది.

మోకాలంటే తలుపు మడతబందు లాంటిదని జనం అనుకుంటారు, ఇలా వంగుతుంది అలా చాపుకుంటుంది అని. అది అంత సింపుల్ కాదని నాకంటే మీకే బాగా తెలుసు, కానీ ఈ లేఖ పేషెంట్లు కూడా చదువుతారు కాబట్టి వాళ్ళ కోసం కొంచెం విడమరిచి చెప్తాను. మోకాలు వంగుతున్నప్పుడు, చాపుతున్నప్పుడు కింది ఎముక పై ఎముక కింద కొద్దికొద్దిగా తిరుగుతూ ఉంటుంది, పూర్తిగా చాపేటప్పుడు ఆఖర్న బయటికి తిరిగి లాక్ పడుతుంది కూడా. ఏసీఎల్ అనేది ఆ రెండు ఎముకల మధ్యలో ఏటవాలుగా ఉండే తాడు. కింది ఎముక ముందుకి జారకుండా ఆపడం దాని పెద్ద పని, లోపలికి మరీ ఎక్కువ తిరగకుండా పట్టడం రెండో పని. కానీ అది ఉన్నది మోకాలి నడిమధ్యలో. తిరుగుతున్న బండి చక్రాన్ని ఇరుసు దగ్గర పట్టుకుని ఆపాలంటే ఎంత కష్టమో చూడండి, అదే అంచు దగ్గర పట్టుకుంటే తక్కువ బలంతోనే ఆగిపోతుంది. మోకాలికి ఆ అంచు బయటి పక్కన ఉంది, అక్కడి పట్టీలు, పొరలు, తొడ పక్కగా దిగి మోకాలి కింద అతుక్కునే ఐటీ బ్యాండ్ అన్నీ కలిసి తిరుగుడుకి కళ్ళెం వేస్తాయి. ఏసీఎల్ తెగేంత దెబ్బ తగిలినప్పుడు చాలాసార్లు ఈ బయటి పొరలు కూడా సాగిపోతాయి లేదా చిరుగుతాయి. మధ్యలో తాడు కొత్తది వేసి అంచుని అలాగే వదిలేస్తే, తిరిగిన ప్రతిసారీ ఆ లోడ్ అంతా కొత్త తాడు మీదే పడుతుంది.

ఇదేమీ నిన్నమొన్న తెలిసిన సంగతి కాదు. పారిస్‌లో పాల్ సెగోండ్ అనే సర్జన్ 1879లో, అంటే ఎక్స్‌రే కనిపెట్టడానికి 16 ఏళ్ళ ముందే, శవాల మోకాళ్ళని లోపలికి గట్టిగా మెలితిప్పి చూసి, కింది ఎముక బయటి అంచు నుంచి చిన్న ఎముక చెక్క ఊడి రావడం, దానికి ముత్యంలా మెరిసే గట్టి నారపట్టీ ఒకటి అంటుకుని ఉండడం రాసిపెట్టాడు. ఇప్పుడు ఎక్స్‌రేలో ఆ చిన్న చెక్క కనిపిస్తే సెగోండ్ ఫ్రాక్చర్ అంటాం, అది కనిపించిందంటే ఏసీఎల్ దాదాపు పోయినట్టే లెక్క. ఆ తర్వాత 2013లో బెల్జియంలో ల్యూవెన్ డాక్టర్లు 41 శవ మోకాళ్ళు విప్పి 40 మోకాళ్ళలో ఆ పట్టీని చూపించి యాంటీరోలేటరల్ లిగమెంట్ అని వివరంగా రాస్తే, పేపర్లన్నీ ఒంట్లో కొత్త లిగమెంట్ దొరికిందని రాసేశాయి. అది అచ్చంగా విడి లిగమెంటా లేక పొరలో మందంగా ఉన్న భాగమా అని మీలో మీకు వాదన నడిచింది, అది మీరు తేల్చుకోండి. పేరేదైనా ఆ మూల ఒక పని చేస్తోంది, ఆ పని ఆగిపోతే మోకాలు తిరిగిపోతోంది, నా టేబుల్ మీద పడుకున్న మనిషికి కావాల్సింది అంతవరకే.

తిరుగుడుని పట్టుకునే పరీక్ష కూడా పాతదే. పివట్ షిఫ్ట్ అని 1972లో కెనడా వాళ్ళు, గాల్వే, మెకింటోష్ కలిసి చెప్పారు. కాలు చాపి, పాదాన్ని లోపలికి తిప్పి, మోకాలిని బయటి పక్క నుంచి లోపలికి నొక్కుతూ మెల్లగా వంచుకుంటూ వస్తే, ముందుకి తప్పుకుని ఉన్న కింది ఎముక సుమారు 30 డిగ్రీల దగ్గర ఐటీ బ్యాండ్ లాగుడుకి టక్కుమని వెనక్కి వచ్చి కూర్చుంటుంది. చెయ్యి కింద అది తెలిసిన క్షణం ఎవరూ మర్చిపోలేరు. కొంచెం జారితే ఒకటో గ్రేడ్, టక్కుమంటే రెండు, పూర్తిగా తప్పుకుని ఇరుక్కున్నట్టయితే మూడు. మెలకువగా ఉన్న పేషెంట్ కండలు బిగిస్తాడు కాబట్టి దీన్ని చక్కగా చూడగలిగే టైం ఒకటే, మత్తు ఇచ్చాక, కాలికి ఇంకా డ్రేప్ (ఆపరేషన్ గుడ్డ) కప్పకముందు. ఆ అవకాశం మీకు మాత్రమే ఉంది, మాకు ఎప్పటికీ రాదు. ఒక్క నిమిషం కూడా పట్టదు. గాయం లేని రెండో మోకాలు కూడా అలాగే తిప్పి చూస్తే తేడా ఎంతో తెలుస్తుంది, ఎందుకంటే కొందరికి పుట్టుకతోనే కీళ్ళన్నీ వదులుగా ఉంటాయి.

అమెరికాలో మోంటానా రాష్ట్రంలో ఎనిస్ అనే చిన్న ఊళ్ళో లోసీ అనే డాక్టర్ ఉండేవాడు, 1978లో ఇదే జబ్బు మీద ఆయన సొంత పరీక్ష, సొంత ఆపరేషన్ రాసి పబ్లిష్ చేశాడు. పెద్ద యూనివర్సిటీలో కూర్చున్న మనిషి కాదు, తన దగ్గరికి వచ్చిన వాళ్ళ మోకాళ్ళనే పట్టుకుని అర్థం చేసుకున్నాడు. నాకు ఆయనంటే చాలా గౌరవం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, తిరుగుడు మిగలకుండా ఏం చెయ్యొచ్చు అన్నది. మొదటిది గ్రాఫ్ట్ పెట్టే చోటు. ఒకప్పుడు కింది ఎముకలో వేసిన సొరంగం గుండానే పై ఎముకకీ డ్రిల్ చేసేవాళ్ళు, దాంతో తాడు నిటారుగా నిలబడేది. నిటారు తాడు ముందుకి జారకుండా బానే పట్టుకుంటుంది, ముందుకి లాగి చూస్తే గట్టిగానే ఉంటుంది, తిప్పితే మాత్రం పట్టు ఉండదు. అసలు ఏసీఎల్ పై ఎముక మీద ఎక్కడ అతుక్కుని ఉండేదో ఆ ముద్ర దగ్గరే సొరంగం వేస్తే తాడు ఏటవాలుగా వస్తుంది, తిరుగుడు చాలావరకు అక్కడే తగ్గుతుంది. ఏసీఎల్‌లో రెండు కట్టలు ఉంటాయి కదా, రెండూ విడివిడిగా వేద్దామని డబుల్ బండిల్ కూడా కొన్నాళ్ళు బాగా నడిచింది, ల్యాబ్‌లో తిరుగుడు బాగా ఆగింది గానీ పేషెంట్ల రోజువారీ ఫలితాల్లో ఆ తేడా అంత గట్టిగా కనపడలేదు, నాలుగు సొరంగాలు తవ్వాల్సిన కష్టం మాత్రం మిగిలింది.

రెండోది, నేను ఎక్కువ మాట్లాడాలనుకుంటున్నది, బయటి పక్క పట్టీ. లేటరల్ టెనోడీసిస్ అని మీరనేది. ఫ్రాన్స్‌లో లెమేర్ 1967లోనే చెప్పాడు. ఇప్పుడు చేసేది దానికే కొంచెం మార్పు: ఐటీ బ్యాండ్ వెనక భాగం నుంచి ఒక సెంటీమీటర్ వెడల్పు, ఎనిమిది సెంటీమీటర్ల పొడవు పట్టీ కోసి, కింద ఎముక దగ్గర అతుకు అలాగే ఉంచి, పైకొసని బయటి లిగమెంట్ కిందుగా దూర్చి, తొడ ఎముక బయటి పక్కన స్టేపుల్‌తోనో యాంకర్‌తోనో బిగిస్తారు. బిగించేటప్పుడు పాదం నిటారుగా, మామూలుగా ఉండాలి, పట్టీని మరీ లాగి కట్టకూడదు. ఇది చాలా ముఖ్యం. ఎందుకంటే ఈ ఆపరేషన్‌కి 1980ల్లో చెడ్డపేరు వచ్చింది ఇలాంటి చోట్లే, చాలామంది ఏసీఎల్ వెయ్యకుండా ఈ బయటి పట్టీ ఒక్కటే వేసి, కాలిని బయటికి తిప్పి గట్టిగా బిగించి, వారాల తరబడి కట్టులో పెట్టేవాళ్ళు. మోకాలు బిగుసుకుపోయేది, ఆ పక్క కీలు అరిగిపోతుందన్న భయం పుట్టింది. ఆర్థ్రోస్కోపీ (చిన్న రంధ్రం గుండా కెమెరా పెట్టి చేసే ఆపరేషన్) వచ్చి లోపల గ్రాఫ్ట్ వెయ్యడం తేలికయ్యాక అందరూ దీన్ని పక్కన పడేశారు. పడేసిన కారణం అర్థం చేసుకోదగ్గదే. కానీ అప్పుడు చేసిన పద్ధతి వేరు, ఇప్పుడు చేసేది వేరు, ఆ పాత భయాన్ని చూపించి ఇప్పటి పేషెంట్‌కి అసలు ఈ మాటే చెప్పకపోవడం న్యాయం కాదు.

ఇంకో దారి ఆ యాంటీరోలేటరల్ లిగమెంట్‌నే సన్నటి టెండన్‌తో మళ్ళీ కట్టడం. ఫ్రాన్స్‌లో లియోన్‌లో సొనరీ కొటే గారి టీమ్ 2017లో 502 మంది కుర్ర ఆటగాళ్ళ ఫలితాలు చెప్పారు, ఒట్టి హ్యామ్‌స్ట్రింగ్ గ్రాఫ్ట్ వేసిన వాళ్ళలో సుమారు 11 శాతం మందికి మళ్ళీ తెగితే, దానికి తోడు ఈ పక్క లిగమెంట్ కూడా కట్టిన వాళ్ళలో 4 శాతం చిల్లర. అది చీటీ వేసి పంచిన స్టడీ కాదు కాబట్టి దాని మీద ఒక్కదాని మీదే నిలబడలేం. 2020లో వచ్చింది అసలైంది. కెనడా, యూరప్‌లో 9 సెంటర్లు, 618 మంది, వయసు 14 నుంచి 25, అందరూ తేలిగ్గా మళ్ళీ తెంచుకునే రకమే: మెలికలు తిరిగే ఆటలు ఆడాలనుకునేవాళ్ళు, పివట్ రెండో గ్రేడ్ లేదా పైన ఉన్నవాళ్ళు, కీళ్ళు వదులుగా ఉన్నవాళ్ళు, ఈ మూడింట్లో కనీసం రెండు ఉంటేనే తీసుకున్నారు. లాటరీ వేసినట్టు సగం మందికి ఒట్టి హ్యామ్‌స్ట్రింగ్ ఏసీఎల్, సగం మందికి దాంతో పాటు బయటి పట్టీ. రెండేళ్ళకి గ్రాఫ్ట్ తెగింది మొదటి వాళ్ళలో 11 శాతం, రెండో వాళ్ళలో 4 శాతం. తెగకపోయినా తిరుగుడు మిగిలిపోయిన వాళ్ళని కూడా ఫెయిల్యూర్ కిందే లెక్కేస్తే 40 శాతం, 25 శాతం.

ఆ 40 దగ్గర ఒక్కసారి ఆగండి డాక్టర్ గారూ. ఏసీఎల్ ఒక్కటే వేసిన కుర్రాళ్ళలో ప్రతి పది మందికి నలుగురు. బయటి పట్టీ వేసినా నలుగురిలో ఒకరికి మిగులుతోంది, అంటే అదేమీ మంత్రం కాదు. మొదటి మూడు నెలలు నొప్పి కొంచెం ఎక్కువ, తొడ కండ కొంచెం ఆలస్యంగా లేస్తుంది, అది నేనూ నా పేషెంట్లలో చూశాను, ఏడాది దాటేసరికి ఇద్దరూ ఒకటే. కొందరికి స్టేపుల్ గుచ్చుకుంటుంది, తీయించాల్సి వస్తుంది. ఇవన్నీ చెప్పండి. చెప్తే ఒద్దనుకునేవాళ్ళు ఒద్దనుకుంటారు, కావాలనుకునేవాళ్ళు కావాలనుకుంటారు. మూడు నెలల దగ్గర నా పేషెంట్ ఎందుకింకా నొప్పి అని ఏడుస్తున్నప్పుడు పక్క కోత ఎందుకో నాకు తెలిసి ఉంటే ధైర్యం చెప్పగలను, ఆ మచ్చ చూసి ఇదేంటని నేను పేషెంట్‌ని అడగాల్సిన పరిస్థితి రాకూడదు కదా.

ఇంక బయటి పట్టీతో పని లేకుండానే తిరుగుడు మిగలడానికి వేరే కారణాలు ఉంటాయి, వాటిని వెతక్కుండా పట్టీ వేసేసినా తప్పే. మెనిస్కస్ ఉంది, అంటే రెండు ఎముకల మధ్య మెత్తటి దిండు లాంటిది, లోపలి పక్క మెనిస్కస్ వెనక కొమ్ము పొర నుంచి ఊడిపోతే ర్యాంప్ లీజన్ అంటారు, ఎంఆర్ఐలో దాక్కుంటుంది, ముందు నుంచి కెమెరా పెట్టినా చాలాసార్లు కనపడదు, వెనక మూలకి కెమెరా తిప్పి చూస్తేనే దొరుకుతుంది. బయటి మెనిస్కస్ వేరు దగ్గర తెగినా పివట్ పెరుగుతుంది. దొరికితే కుట్టండి, కత్తిరించి పారేస్తే తిరుగుడుకి ఉన్న ఇంకో అడ్డు కూడా పోయినట్టే. వెనక బయటి మూల ఒకటి, పాప్లిటియస్ అనే చిన్న కండ, బయటి లిగమెంట్ ఉండే చోటు. అది దెబ్బ తింటే కింది ఎముక బయటికి ఎక్కువ తిరుగుతుంది, అంటే నేను పైన చెప్పినదానికి ఇది ఉల్టా. బోర్లా పడుకోబెట్టి మోకాళ్ళు 30 డిగ్రీలు వంచి రెండు పాదాలూ బయటికి తిప్పి చూడడం, తర్వాత 90 డిగ్రీల దగ్గర మళ్ళీ చూడడం, ఇంతే డయల్ టెస్ట్, 10 డిగ్రీల కంటే ఎక్కువ తేడా ఉంటే అనుమానించాలి. ఆ మూలని అలా వదిలేసి ఏసీఎల్ మాత్రం వేస్తే ఎంత మంచి గ్రాఫ్ట్ అయినా సాగిపోతుంది. అలాగే లోపలి పక్క లిగమెంట్, ఎంసీఎల్, వదులుగా ఉంటే ముందు లోపలి మూల తిరుగుతుంది, అక్కడ బయటి పట్టీ వేస్తే ఉపయోగం ఏముంది చెప్పండి. ఆఖర్ది ఎముక వాలు. కింది ఎముక పైభాగం వెనక్కి ఎక్కువ వాలుగా ఉంటే, 12 డిగ్రీలు దాటిందనుకోండి, మనిషి బరువు పడినప్పుడల్లా ఎముక ముందుకి జారాలనే చూస్తుంది. రెండు మూడు సార్లు తెగిన వాళ్ళకి ఆ వాలు తగ్గించే ఎముక ఆపరేషన్ గురించి ఆలోచించాల్సి వస్తుంది, అది పెద్ద ఆపరేషన్, తేలిగ్గా చెప్పేది కాదు. కానీ కనీసం పక్క నుంచి తీసిన ఎక్స్‌రేలో కొలిచి చూడొచ్చు కదా, కొలవడానికి కోత అక్కర్లేదు.

ప్రతి మోకాలికీ బయటి పట్టీ వెయ్యమని నేను అడగట్లేదు, ఈ మాట గట్టిగా చెప్పాలి ఎందుకంటే ఈమధ్య అటు చివర కూడా చూస్తున్నాను, వచ్చిన ప్రతివాళ్ళకీ వేసేస్తున్నారు కొందరు. నలభై ఐదేళ్ళ మనిషి, నడక, మెట్లు, పిల్లల్ని ఎత్తుకోవడం, అంతకు మించి మోకాలితో పనిలేని మనిషికి పివట్ ఒకటో గ్రేడ్ ఉంటే దానికోసం పక్కన ఇంకో కోత ఎందుకు. అసలు అందరికీ ఏసీఎల్ ఆపరేషనే అక్కర్లేదు. 2010లో స్వీడన్ వాళ్ళ స్టడీలో 121 మంది చురుగ్గా ఉండే కుర్రవాళ్ళని రెండుగా పంచారు, ముందు ఎక్సర్‌సైజులతోనే చూద్దాం అన్న 59 మందిలో రెండేళ్ళలో ఆపరేషన్ దాకా వెళ్ళింది 23 మంది, మిగతావాళ్ళకి ఆ రెండేళ్ళూ అవసరం పడలేదు. ఫిజియోగా నాకు అది చదివి సంతోషం వేసింది, కానీ ఆ 23 మంది కూడా అబద్ధం చెప్పలేదు, వాళ్ళ మోకాళ్ళు నిజంగానే నిలబడలేదు. ఎవరి మోకాలు ఏ గుంపులోదో ముందే పసిగట్టడంలో తిరుగుడు పరీక్ష ఒక పెద్ద ఆధారం, అందుకే అది చెయ్యమని ఇంత పట్టుబడుతున్నా.

కీళ్ళ వదులు గురించి కూడా ఒక మాట. బొటనవేలు వంచితే ముంజేతికి ఆనుతుందా, మోచెయ్యి వెనక్కి వంగుతుందా, నిలబడితే మోకాళ్ళు వెనక్కి విల్లులా వంగుతాయా. ఓపీలో కుర్చీలో కూర్చోబెట్టి చూడగలిగేవి, రెండు నిమిషాల పని. ఆ బాస్కెట్‌బాల్ అమ్మాయికి బొటనవేలు ముంజేతికి హాయిగా ఆనుతుంది, మోకాలు వెనక్కి వంగుతుంది, వయసు 19, ఆడేది మెలికల ఆట. అంటే మళ్ళీ తెగే ప్రమాదం ఎక్కువని చెప్పే గుర్తులన్నీ మొదటి రోజే ఆమె ఒంటి మీద రాసి ఉన్నాయి. చూసినవాళ్ళు లేరు.

రెండోసారి వేరే డాక్టర్ చేశారు. ఆయన ఓపీలో ఆ పిడికిళ్ళ సైగ చూసి, ఎప్పటి నుంచి ఇలా అవుతోందమ్మా అని అడిగారంట, అది ఒక్కటే అడిగినందుకు ఆ అమ్మాయి బయటికి వచ్చి నాకు ఫోన్ చేసి ఏడ్చింది. మత్తులో చూస్తే పివట్ మూడో గ్రేడ్. పాత సొరంగం నిటారుగా ఉంది. వెనక మూలకి కెమెరా పెడితే ర్యాంప్ చిరుగు. ఆయన కొత్త సొరంగం వేసి, మెనిస్కస్ కుట్టి, మోకాలి చిప్ప కింది టెండన్‌తో గ్రాఫ్ట్ వేసి, బయటి పట్టీ కూడా బిగించారు. డిశ్చార్జ్ సమ్మరీలో ఆపరేషన్ పేరు కింద ఇంకో నాలుగు లైన్లు ఉన్నాయి: ఆపరేషన్‌కి ముందు మత్తులో పివట్ మూడు, రెండో కాలికి ఒకటి, అయిపోయాక ఈ కాలికి కూడా ఒకటి. పట్టీ బిగించినప్పుడు మోకాలు 60 డిగ్రీలు, పాదం న్యూట్రల్. వెనక మెనిస్కస్‌కి కుట్లు ఉన్నాయి కాబట్టి నాలుగు నెలలు లోతైన గుంజీలు వద్దు. వెనక కొమ్ము కుట్టు వల్ల హ్యామ్‌స్ట్రింగ్ ఎక్సర్‌సైజులు మొదట్లో ఆపాలి.

నా ఉద్యోగంలో అంత ఉపయోగపడిన కాగితం ఇంకోటి లేదు. ఆ నాలుగు లైన్ల వల్ల నేను ఏం చెయ్యాలో కాదు, ఏం చెయ్యకూడదో తెలిసింది. మూడో నెలలో బయటి పక్క నొప్పి వస్తే కంగారు పడలేదు. ఐదో నెలలో పాత అలవాటుగా భయపడి కాలు లాక్కుంటుంటే, అమ్మా ఆపరేషన్ అయ్యాక తిప్పి చూశారు, నీ మంచి కాలు ఎంత తిరుగుతుందో ఇదీ అంతే తిరుగుతోంది, రాసి ఉంది చూడు అని కాగితం చూపించాను. ఆ అమ్మాయి ఆ లైన్ మీద వేలు పెట్టి రెండుసార్లు చదువుకుంది. పన్నెండో నెల దాటాకే కోర్టులోకి పంపించాం, తొమ్మిది నెలల లోపు ఆటకి వెళ్ళిన వాళ్ళలో మళ్ళీ దెబ్బ తగలడం ఎక్కువని తెలుసు కాబట్టి, పైగా రెండో ఆపరేషన్ కాబట్టి ఇంకా ఆగాం.

కాబట్టి నేను అడిగేవి మళ్ళీ చెప్తాను, కొత్త మెషిన్ కొనమనట్లేదు, కొత్త ఆపరేషన్ నేర్చుకోమని కూడా అనట్లేదు. మత్తు ఇచ్చాక రెండు మోకాళ్ళూ తిప్పి చూసి గ్రేడ్ రాయండి, గ్రాఫ్ట్ బిగించాక మళ్ళీ చూసి రాయండి. కుర్రవాళ్ళకి, మెలికల ఆటలు ఆడేవాళ్ళకి, కీళ్ళు వదులున్న వాళ్ళకి, రెండోసారి వచ్చినవాళ్ళకి బయటి పట్టీ అనే మార్గం ఉందని ఆపరేషన్‌కి ముందే కూర్చోబెట్టి చెప్పండి, మీరు వేసేదీ లేనిదీ, ఎందుకో కూడా. వెయ్యడం మీకు అలవాటు లేకపోతే ఆ మాట చెప్పి అలవాటున్న వాళ్ళ దగ్గరికి పంపించండి, దానివల్ల మీ మీద గౌరవం పెరుగుతుందే గానీ తగ్గదు. ఆపరేషన్ అయ్యాక ఎవరైనా వచ్చి తిరిగితే పోతోంది సార్ అంటే ఎంఆర్ఐలో గ్రాఫ్ట్ బానే ఉందని పంపెయ్యకండి, ఎంఆర్ఐ పడుకున్న మోకాలిని చూపిస్తుంది, తిరుగుతున్న మోకాలిని కాదు. ఇంకా అనుమానం ఉంటే మా లాంటి వాళ్ళకి ఒక ఫోన్ చెయ్యండి, వారానికి మూడు సార్లు ఆ మోకాలిని పట్టుకునేది మేము, మేం చూసింది చెప్తాం.

మీ ఆపరేషన్ థియేటర్‌లో మత్తు ఇచ్చాక, కాలికి గుడ్డ కప్పే ముందు ఉన్న ఆ ఒక్క నిమిషం గురించే ఇంత పెద్ద లేఖ రాశాను. రేపు ఉదయం లిస్టులో మొదటి ఏసీఎల్ కేసు దగ్గరే మొదలుపెట్టండి, సమ్మరీలో ఆ లైన్ కోసం నేను ఎదురు చూస్తుంటాను.

ఇట్లు,
మీరు పంపే మోకాళ్ళతో రోజూ పనిచేసే ఒక ఫిజియోథెరపిస్ట్